వందమంది పేర్ల జాబితా అయిపోయాక

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు నెట్‌వర్క్ మార్కెటింగ్ గురించినవే. మూడూ తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చినవే కావడంతో ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లను, కంపెనీల పేర్లను తీసివేశాను.

ప్రశ్న: నా వయసు 29 సంవత్సరాలు. తిరుపతి కొర్లగుంటలో ఉంటాము. మా వారు రేణిగుంట వైపు ఒక కర్మాగారంలో పనిచేస్తారు, పిల్లలిద్దరూ బడికి వెళ్తారు. నాలుగు నెలల క్రితం డిగ్రీలో నాకు సీనియర్ అయిన ఒక అక్క ఇంటికి వచ్చి, రోజుకు రెండు గంటలు పనిచేస్తే ఏడాదిలో నెలకు యాభై వేలు వస్తాయని చెప్పి, 14,500 రూపాయల సరుకు కొనిపించి నా పేరు మీద ఐడీ (సభ్యత్వ సంఖ్య) వేయించింది. మొదటి మీటింగ్‌లోనే వందమంది పేర్లు రాయమన్నారు. ప్రతి ఒక్కరూ ఆరుగురిని చేర్పిస్తే చాలు, తర్వాత డబ్బు దానంతట అదే వస్తుందని బోర్డు మీద గీసి చూపించారు. నేను ఇద్దరినే చేర్పించగలిగాను, ఒకరు మా పిన్ని కూతురు, ఇంకొకరు పక్కింటావిడ. జాబితాలో మిగిలినవాళ్లలో కొందరు మొదటిసారి ఏదో ఒకటి కొన్నారు, రెండోసారి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మొన్న ఒక పెళ్లిలో మా వదిన నన్ను చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయింది. ఐడీ యాక్టివ్‌గా ఉండాలంటే నెలకు 3,000 రూపాయల సరుకు నేనే కొనాలట, అలా మూడు నెలలు కొన్నాను. ప్రతి ఆదివారం మీటింగ్‌కు 200 రూపాయల టికెట్, ఒకసారి బెంగళూరు శిక్షణకు 3,500 రూపాయలు అయ్యాయి. కమిషన్‌గా ఇప్పటివరకు వచ్చింది 1,340 రూపాయలు. ఈ డబ్బంతా నేను డ్వాక్రా గ్రూపులో 20,000 అప్పు తీసుకుని పెట్టాను, మా వారికి తెలియదు. ప్రోటీన్ పొడి తాగితే షుగర్ పూర్తిగా తగ్గిపోతుందని పాకాలలో ఉన్న మా మేనమామకు చెప్పమన్నారు, నేనూ నమ్మి చెప్పి రెండు డబ్బాలు అమ్మాను. ఇప్పుడు నా అప్‌లైన్‌ను, అంటే నన్ను చేర్పించిన ఆ అక్కను అడిగితే, "నీలో నమ్మకం లేదు, నీ చుట్టూ నెగెటివ్ మనుషులు ఉన్నారు, వాళ్లకు దూరంగా ఉండు" అంటోంది. తప్పు నాదేనా? ఇంకొన్ని నెలలు చూడమంటారా?

జవాబు: అమ్మా, ముందు పాకాలలోని మీ మేనమామకు ఫోన్ చేసి, తర్వాత ఈ జవాబు చదవండి. ఆయన షుగర్ మాత్రలు మానేశారేమో కనుక్కుని, మానేసి ఉంటే వెంటనే డాక్టరును కలవమని, ఆ పొడి గురించి మీరు చెప్పిన మాట తప్పని మీ నోటితో మీరే చెప్పండి. మధుమేహాన్ని నయం చేస్తుందని ఏ పదార్థాన్నీ ప్రచారం చేయకూడదని 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టమే చెబుతోంది. ఆ మాట మీకు నేర్పినవారిది పెద్ద తప్పు. అయితే దాన్ని సరిదిద్దగలిగినవారు ఈరోజుకు మీరొక్కరే, ఎందుకంటే ఆయన నమ్మింది కంపెనీని కాదు, మేనకోడలిని.

ఇక తప్పు మీదేనా అన్న ప్రశ్న. నేను ముప్పై ఏళ్లు కామర్స్ బోధించినదాన్ని కనుక, మీ అప్‌లైన్ బోర్డు మీద గీసి మధ్యలో ఆపేసిన లెక్కను చివరిదాకా చేసి చూపిస్తాను. ఒకరు ఆరుగురిని, ఆ ఆరుగురూ తలా ఆరుగురిని చేర్పిస్తూ పోతే వరుసగా 6, 36, 216, 1,296, 7,776, 46,656 అవుతూ ఏడవ వరుసకు 2,79,936 మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం తిరుపతి నగర జనాభా చంటిబిడ్డలతో, మంచాన ఉన్న ముసలివారితో సహా సుమారు 2 లక్షల 87 వేలు. పై ఆరు వరుసలవారినీ, మొదటి మనిషినీ కలిపితే ఏడవ వరుసతో మొత్తం 3,35,923 మంది అవుతారు, అంటే నగరం మొత్తం చేరినా చాలదు. పదవ వరుస ఒక్కదానికే ఆరు కోట్ల పైచిలుకు మంది కావాలి, మన రాష్ట్రంలో అంతమంది లేరు.

ఈ లెక్కలో మీరు గమనించవలసినది ఇంకొకటి ఉంది, మీటింగ్‌లలో దాన్ని ఎవరూ చెప్పరు. ఆ 3,35,923 మందిలో 2,79,936 మంది చివరి వరుసలోనే ఉన్నారు, వాళ్ల కింద ఎవరూ లేరు. ఎన్ని వరుసలు పెరిగినా ఈ నిష్పత్తి మారదు, ప్రతి ఆరుగురిలో అయిదుగురు ఎప్పుడూ అట్టడుగునే ఉంటారు. అందరూ మీటింగ్‌లో చెప్పినట్టే పట్టుదలతో పనిచేసి, ఒక్కరు కూడా వెనకడుగు వేయకపోతే వచ్చే ఫలితమే ఇది. కాబట్టి కొత్తగా చేరినవారికి డబ్బు రాకపోవడానికి వారి నమ్మకంలోని లోపం కారణమని చెప్పడం అన్యాయం. మీరు నిలబడిన చోటు అలాంటిది. బోర్డు మీద బొమ్మ గీసిన రోజునే ఆ చోటు నిర్ణయమైపోయింది.

మీ వదిన గురించి కూడా ఒక మాట చెప్పాలి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నాతో పనిచేసే ఒకరు ఇలాగే సబ్బులు, పొడుల డబ్బాలు తెచ్చేవారు. మంచి మనిషి, నా పిల్లవాడి జ్వరానికి అర్ధరాత్రి ఆసుపత్రికి తోడు వచ్చిన మనిషి. కాదనలేక రెండుసార్లు కొన్నాను. మూడోసారి కొనే స్తోమత లేక, లేదని చెప్పడానికి నోరు రాక, స్టాఫ్ రూములో ఆయన ఉంటే వరండాలోనే కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. ఆయన దాన్ని అవమానంగా తీసుకుని నాతో మాట్లాడడం మానేశారు, నేను వెళ్లి నా మనసులో మాట చెప్పలేదు, ఇప్పటికీ ఆ బాధ నాలో ఉంది. మీ వదిన మొహం తిప్పుకున్నది మీ మీద కోపంతో కాకపోవచ్చు, "వద్దు" అనలేని మొహమాటంతో కావచ్చు. వందమంది జాబితా అంటే నిజానికి మన మాట కాదనలేని వందమంది జాబితా. మొదటి నెల అమ్మకాలు బాగుండటానికీ, రెండో నెల ఫోన్లు ఆగిపోవడానికీ కారణం ఒకటే, వాళ్లు వస్తువు అవసరమై కొనలేదు, మీ కోసం కొన్నారు. అలాంటి మనుషులకు "నెగెటివ్" అని పేరుపెట్టి దూరంగా ఉండమనే సలహాను దయచేసి పాటించకండి. కష్టం వచ్చిన రోజున మీ గుమ్మం తొక్కేది వాళ్లే.

ఇప్పుడు మీ సొంత లెక్క. మీరు జత చేసిన కాగితంలోని అంకెలను విడదీసి రాస్తున్నాను. సరుకుకు 14,500, తర్వాత మూడు నెలలకు 9,000, పన్నెండు మీటింగ్‌లకు 2,400, బెంగళూరు ప్రయాణానికి 3,500, ఆటోలకూ ఫోనుకూ 1,600, మొత్తం 31,000 రూపాయలు ఖర్చయింది. అమ్మిన సరుకుకు చేతికి వచ్చింది 8,700, కమిషన్ 1,340, కలిపి 10,040. అంటే మీ జేబు నుంచి పోయింది 20,960 రూపాయలు. ఈ అంకెను చూసే మీరు బెంబేలెత్తినట్టున్నారు. కానీ మీ ఇంట్లో తెరవని సరుకు 11,000 రూపాయలది ఉంది, మీకు రావలసిన బాకీలు 2,500 ఉన్నాయి, ఇంట్లో వాడుకున్నవి 3,000 రూపాయలవి. సరుకు వాపసు వెళ్లి, బాకీలు వసూలైతే నికరంగా మునిగేది 7,460, అందులో ఇంటి వాడకం తీసేస్తే 4,460 రూపాయలు. వాపసులో కొంత కోత పడవచ్చు. అయినా ఇది ఇప్పుడు ఆగితే మిగిలే నష్టం, ఇంకో ఆరు నెలలు "చూద్దాం" అంటే నెలకు 3,000 చొప్పున సరుకే 18,000 అవుతుంది. అందుకే మీ చివరి ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతున్నాను, ఈ నెల నుంచే కొనడం ఆపండి.

వాపసు విషయంలో అప్‌లైన్‌ను బతిమాలుకుంటూ కూర్చోకండి, మీ ఒప్పందం కంపెనీతో. కేంద్ర ప్రభుత్వం 2016లో డైరెక్ట్ సెల్లింగ్‌కు, అంటే ఇలా దుకాణాలు లేకుండా మనుషుల ద్వారా నేరుగా సరుకు అమ్మే పద్ధతికి, మార్గదర్శకాలు ఇచ్చింది, వినియోగదారుల రక్షణ చట్టం కింద 2021 డిసెంబరులో నిబంధనలు ప్రకటించింది. చేరినవారితో కంపెనీ రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, ఫిర్యాదుల అధికారి పేరు, చిరునామా అందరికీ తెలిసేలా పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 48 పనిగంటల్లోగా తెలియజేసి సాధారణంగా ఒక నెలలో పరిష్కరించాలి. ఒప్పందం నుంచి జరిమానా లేకుండా తప్పుకునే గడువు, అమ్ముడుపోని సరుకును తిరిగి తీసుకునే షరతులు మీ ఒప్పంద పత్రంలో ఏమని ఉన్నాయో చదవండి. పత్రం మీ దగ్గర లేకపోతే ముందు దాన్నే రాతపూర్వకంగా అడగండి. తెరవని డబ్బాల జాబితా, బిల్లుల నకళ్లు జతచేసి ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. స్పందన రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోన్ చేయవచ్చు. అయితే ఒక చిక్కును దాచకుండా చెప్పాలి, తిరిగి అమ్మడానికి సరుకు కొన్నవారిని చట్టం వినియోగదారుగా లెక్కించదు, అందువల్ల జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసే ఆలోచన ఉంటే ముందు ఒక న్యాయవాదిని సంప్రదించండి. కంపెనీతో ఉత్తరాల దశలోనే విషయం తేల్చుకోవడం మీకు మేలు.

మీ పిన్ని కూతురు, పక్కింటావిడ మీ మాట మీద డబ్బు పెట్టారు. మీరు వాపసు ఉత్తరం రాసే రోజునే వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, పైన ఉన్న లెక్కను అలాగే చూపించి, వాళ్ల సరుకును కూడా వాపసు పంపేందుకు సాయపడండి. వాళ్లు కోప్పడితే పడనివ్వండి. నిజం వాళ్లకు మీ నోటి నుంచి తెలియడం వేరు, ఆరు నెలల తర్వాత బాకీలతో తెలియడం వేరు.

మీ వైపు నుంచి నిజంగా తప్పు జరిగింది ఒక్కచోటే, అది అప్పును మీ వారికి చెప్పకపోవడం. డ్వాక్రా అప్పు మీ ఒక్కరిది కాదు, వాయిదా తప్పితే గ్రూపులోని మిగతా ఆడవాళ్ల పరపతి కూడా దెబ్బతింటుంది, ఆ మాట ఏదో ఒక రోజు వీధిలో వినిపించి ఆయన చెవిన పడుతుంది. పిల్లలు పడుకున్నాక ఈ అంకెల కాగితాన్ని ఆయన ముందు పెట్టి, పోయినది ఎంత, వెనక్కి రాగలిగినది ఎంత అని చెప్పండి. బాకీల కింద, వాపసు కింద వచ్చే ప్రతి రూపాయినీ ముందు గ్రూపుకే కట్టండి.

ప్రశ్న: చిత్తూరు నుంచి రాస్తున్నాను. ఈ ఏడాదే డిగ్రీ పూర్తి చేశాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని స్నేహితుడు వాట్సాప్‌లో పంపితే బెంగళూరు వెళ్లాను. అక్కడ హాలులో మూడు గంటలు ప్లాన్ చూపించి, 6,000 రూపాయలు కట్టి చేరమన్నారు. అక్కడికక్కడ 2,000 యూపీఐ ద్వారా కట్టించుకున్నారు. ఇప్పుడు వద్దంటే, ఇద్దరు స్నేహితులను తీసుకువస్తే ఆ డబ్బు తిరిగి వస్తుందంటున్నారు. ఇంట్లో ఉద్యోగం వచ్చిందని అప్పటికే చెప్పేశాను. ఏం చేయాలి?

జవాబు: బాబూ, మీకు జరిగినది వ్యాపారంలో తొలి కష్టం అనదగినది కూడా కాదు. పైన చెప్పిన 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం చేరడానికి రుసుము వసూలు చేయడమే తప్పు. వస్తువు ఏదీ లేకుండా మనుషులను చేర్పించినందుకే డబ్బు ఇస్తామంటున్నారంటే అది 1978లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించిన మనీ సర్క్యులేషన్ పథకం కిందికి వస్తుంది. ఆ చట్టంలోని మూడవ సెక్షన్ పథకం నడపడాన్నే కాదు, అందులో సభ్యుడిగా చేరడాన్ని, మరోలా పాలుపంచుకోవడాన్ని, దాని కోసం డబ్బు తీసుకోవడాన్ని, పంపడాన్ని కూడా నిషేధించింది, ఉల్లంఘించినవారికి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. మీ 2,000 వెనక్కి తెచ్చుకోవడానికి ఇద్దరు స్నేహితులను తీసుకువెళ్తే, నేటిదాకా మోసపోయిన మీరు రేపటి నుంచి మోసంలో భాగమవుతారు. మీకు ఆ వాట్సాప్ పంపిన స్నేహితుడు కూడా బహుశా తన 2,000 కోసమే పంపి ఉంటాడు, ఆ అబ్బాయి మీద పగ పెట్టుకోకండి.

చేరడం లేదని, కట్టిన డబ్బు తిరిగి పంపమని వాట్సాప్‌లోనే స్పష్టంగా రాయండి. ఉద్యోగం అంటూ వచ్చిన మొదటి సందేశాన్ని, యూపీఐ లావాదేవీ సంఖ్యను స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచండి, అవతలివాళ్లు సందేశాలను తుడిచేసే అవకాశం ఉంది. ఉద్యోగం పేరు చెప్పి ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకున్నారు కనుక సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఇంట్లో మీ అమ్మానాన్నలకు ఈ సాయంత్రమే నిజం చెప్పండి. రాని జీతం గురించి నెల తిరిగేసరికి అబద్ధాలు చెప్పవలసి వస్తుంది, అది రెండు వేలతో పోయేది కాదు.

ప్రశ్న: పలమనేరులో నాకు చిన్న టైలరింగ్ దుకాణం ఉంది. ఏడాదిన్నరగా ఒక కంపెనీ సబ్బులు, షాంపూలు, గిన్నెలు తోమే ద్రవం దుకాణంలోనే పెట్టి అమ్ముతున్నాను. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లలో నలభై మంది దాకా నెలనెలా తీసుకుంటారు. ఖర్చులు పోను నెలకు రెండున్నర వేలు మిగులుతోంది. ఎవరినీ చేర్పించడం నాకు ఇష్టం లేదు. "నువ్వు అంగడి నడుపుతున్నావు, బిజినెస్ చేయడం లేదు" అని మీటింగ్‌లో అందరి ముందూ అన్నారు. నేను చేస్తున్నది తక్కువ పనా?

జవాబు: అమ్మా, మీటింగ్‌లో మిమ్మల్ని అలా అన్నవారు తెలిసో తెలియకో మిమ్మల్ని మెచ్చుకున్నారు. ఇలాంటి కంపెనీల గురించి నన్ను ఎవరు అడిగినా నేను మొదట అడిగేది ఒకటే, చేరినవాళ్లు కాకుండా బయటివాళ్లు ఆ వస్తువును ఆ ధరకు మళ్లీ మళ్లీ కొంటున్నారా అని. చట్టం కూడా ముఖ్యంగా చూసేది ఆదాయం సరుకు అమ్మకం నుంచి వస్తోందా, మనుషుల చేరిక నుంచి వస్తోందా అన్నదే. మీ నలభై మందికీ మీతో చుట్టరికం లేదు, ఐడీలు లేవు, కమిషన్ ఆశ లేదు, వస్తువు నచ్చి కొంటున్నారు. పైన కొర్లగుంట నుంచి రాసినావిడకూ మీకూ ఉన్న తేడా తెలివితేటల్లో లేదు, మీకు ముందే ఒక దుకాణం, దానికి వచ్చే జనం ఉన్నారు. ఆమె ప్రతి గుమ్మానికీ తానే వెళ్లవలసి వచ్చింది.

ఇష్టం లేకపోతే ఆ మీటింగ్‌లకు వెళ్లకండి, అమ్మకానికి వాటి అవసరం మీకు ఉన్నట్టు లేదు. కంపెనీ నుంచి ప్రతి బిల్లూ తీసుకోండి, కొనేవాళ్లకు గరిష్ఠ చిల్లర ధర కనిపించేలా పెట్టండి, ఒక నెలలో అమ్ముడుపోయే దానికంటే ఎక్కువ సరుకు ఎప్పుడూ తెప్పించకండి, పాయింట్లు పోతాయని ఎవరు తొందరపెట్టినా సరే. ఇంకొక ఆలోచన కూడా మీ ముందు పెడుతున్నాను. మీ మాట మీద నమ్మకంతో వచ్చే నలభై మంది ఉన్నప్పుడు, లైనింగ్ గుడ్డలు, ఫాల్స్, హుక్కులు, మీ ఊరి ఆడవాళ్లు చేసే పచ్చళ్లు, పొడులు వంటివి అదే బీరువాలో పెడితే మిగులు ఎలా ఉంటుందో రెండు నెలలు పోల్చి చూడండి.

మీరు పంపిన లెక్కలో ఒక పద్దు కనిపించలేదు. మీ ఇంట్లో వాడుకునే సబ్బులు, షాంపూలు కూడా ఆ సరుకులోంచే తీస్తున్నారని ఉత్తరంలో రాశారు, కానీ వాటి ధరను ఖర్చులోనూ చూపలేదు, ఇంటి కింద విడిగానూ రాయలేదు. దాన్ని వేరే పద్దుగా రాసి, మిగులును మళ్లీ లెక్కగట్టి, వీలైతే వచ్చే నెల నాకు పంపండి.